ఓరుగల్లు రాళ్లకు ప్రాణము పోసిన కుంచె
(అడివి బాపిరాజుగారి జీవితము)

ఓరుగల్లు అనగానే మనవారి నోట రెండు పేర్లు వచ్చును. ఒకటి రాణీ రుద్రమదేవి, రెండవది గోన గన్నారెడ్డి. రుద్రమదేవిని మనకు తెలిపినవి శాసనములు, కోటగోడలు, పాత గ్రంథములు. గన్నారెడ్డిని ఇంటింటికి తెచ్చినది మాత్రము ఒక నవల. శాసనములలో క్లుప్తముగా కనబడు ఒక సామంతుని తెలుగు పిల్లలందరు ఎరిగిన వీరునిగా చేసినది ఆ పుస్తకమే. చిత్రమేమనగా, దానిని వ్రాసినవారు ఓరుగల్లువారు కారు. కాకతీయుల కోటకు ఎంతో దూరమున, గోదావరి కాలువల నడుమ, భీమవరపు సీమలో పుట్టినవారు. వారే అడివి బాపిరాజుగారు. ఈ నెల వారి జీవితమును మన పాఠకుల ముందు ఉంచుచున్నాము.

దీనికి ఒక కారణము కలదు. నవలలు చదువు పిల్లలను మందలించు పెద్దలు మన ఇండ్లలో ఎప్పుడును ఉన్నారు. జరిగిన చరిత్రలో జరుగని ప్రేమకథను, రహస్యమును, సాహసమును కలిపి వ్రాయుట సత్యమును చెరుపుట కాదా అని వారి సందేహము. అది తోసివేయదగిన సందేహము కాదు. బాపిరాజుగారి జీవితమును, వారి నవలను, మన కోటను ఒకచోట ఉంచి చూచినయెడల దానికి తగిన జవాబు దొరకునని మా నమ్మకము.

బాల్యము, విద్య

బాపిరాజుగారు 1895వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన కృష్ణయ్య, సుబ్బమ్మ దంపతులకు జన్మించిరి. భీమవరమున ఉన్నత పాఠశాల చదువు ముగించి, పట్టపరీక్షకై రాజమహేంద్రవరమునకు వెళ్లిరి. అక్కడి ప్రభుత్వ కళాశాలకు అప్పుడు ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు ప్రిన్సిపాలుగా ఉండెను. ఈ దొర సామాన్యుడు కాడు. స్వయముగా చిత్రకారుడు, రచయిత. పరీక్షలలో నెగ్గించుటతో తన పని తీరినదని ఆయన అనుకొనలేదు. ఏ విద్యార్థిలో ఏ తలాంతు దాగియున్నదో వెదకి దానిని పైకి తీయుట తన విధిగా ఎంచెను. అజంతా గుహల చిత్రములనిన ఆయనకు ప్రాణము. మన దేశపు పాత కళను మన పిల్లలకే మరల చూపించిన గురువు ఆయన.

ఆయన చేరదీసిన శిష్యులలో ముగ్గురి పేర్లు తెలుగు నాట నిలిచినవి. ఒకరు దామెర్ల రామారావుగారు. 1925లో, ముప్పది యేండ్లైనను నిండకమునుపే గతించియు, ఆంధ్ర చిత్రకళకు దారి చూపిన మహాశిల్పి. రెండవవారు కవికొండల వెంకటరావుగారు, కవి. మూడవవారు మన బాపిరాజుగారు. ఈయన కవిత్వము, చిత్రలేఖనము రెండును పట్టుకొనిరి. పిమ్మట కథను కూడ పట్టుకొనిరి.

పట్టము పొందిన పిమ్మట చెన్నపట్టణమునకు వెళ్లి న్యాయశాస్త్రము చదివి బి.ఎల్. అయిరి. ఆ దినములలో ప్లీడరు వృత్తి అనగా గౌరవము, ధనము, ఊరిలో పెద్దరికము. కుటుంబములు పిల్లలను ఆ చదువుకై ఆస్తులు అమ్మి పంపెడివి.

వకాలతు విడిచి

ఆ చదువు వలన కలుగవలసిన సుఖము బాపిరాజుగారు ఎక్కువ కాలము అనుభవింపలేదు. వారు కొంతకాలము మాత్రమే వకాలతు చేసిరి. అంతలో సహాయ నిరాకరణోద్యమము తెలుగు దేశమును కదిలించెను. 1922లో వారు ఆ ఉద్యమమున పాల్గొని ఒక సంవత్సరము చెరసాలలో గడిపిరి.

అప్పటికి మచిలీపట్నమున ఆంధ్ర జాతీయ కళాశాల ఉండెను. దానిని 1910లో కోపల్లె హనుమంతరావుగారు తోడివారితో కలిసి స్థాపించిరి. పుస్తకపు చదువుతోపాటు చేతిపని, మగ్గము, చిత్రలేఖనము నేర్పవలెనని వారి ఆశయము. వంగదేశము నుండి వచ్చిన ప్రమోదకుమార చటర్జీగారు అక్కడ చిత్రకళ బోధించుచుండిరి. న్యాయశాస్త్ర పట్టము పొందిన బాపిరాజుగారు మరల విద్యార్థియై ఆయన యొద్ద కుంచె పట్టిరి. పెద్ద చదువు చదివిన పిమ్మట నేలమీద కూర్చుండి అక్షరాభ్యాసము చేసినట్లు రేఖలు దిద్దుటకు ఎంత వినయము కావలెనో ఆలోచింపుడు.

తరువాత అదే కళాశాలలో ఉపాధ్యాయులైరి. 1930ల నడుమ నుండి కొన్ని సంవత్సరములు దానికి ప్రిన్సిపాలుగా ఉండిరి. శిష్యులకును స్నేహితులకును ఆయన బాపి బావ. ఎవరికి ఏ వరుసయో లెక్క లేదు, అందరికిని బావయే. ఆ పిలుపులోనే ఆయన స్వభావము తెలియుచున్నది.

1936లో చిత్తజల్లు పుల్లయ్యగారు పిల్లలచేత నటింపజేసి తీసిన అనసూయ, ధ్రువ విజయము అను రెండు చలనచిత్రములకు బాపిరాజుగారు కళాదర్శకులైరి. రాజమందిరము ఎట్లుండవలెను, స్తంభము ఎంత యెత్తు, రాణి కట్టిన చీరకు అంచు ఏది అను విషయములు కళాదర్శకుడు నిర్ణయింపవలసినవి. ఈ పని ఆయనకు ముందు ముందు ఎట్లు ఉపయోగపడినదో మనము చూడగలము.

చూచువారికి ఇది నిలకడలేని జీవితమువలె తోచవచ్చును. న్యాయవాది, ఖైదీ, చిత్రకారుడు, పంతులు, సినిమావాడు. ఇన్ని పడవలలో కాలు పెట్టిన మనిషి ఏ ఒడ్డు చేరునని లోకము అడుగును. అయితే 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీ పెట్టినప్పుడు దీనికి మొదటి జవాబు వచ్చెను. ఆ బహుమానము ఇద్దరికి కలిపి ఇయ్యబడెను. ఒకటి విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలు. రెండవది బాపిరాజుగారి నారాయణరావు. ఆ నాటినుండి ఆయన నవలాకారులుగా తెలుగు దేశమంతట ఎన్నికకు వచ్చిరి.

చరిత్రను కథగా చెప్పు పని

బాపిరాజుగారి చారిత్రక నవలలకు ముందు ఆ దారి ఎట్లు పడినదో కొంచెము చెప్పవలెను. యూరపులో ఈ రచనకు పెద్ద దిక్కు సర్ వాల్టర్ స్కాట్. ఆయన వేవర్లీ 1814లో వచ్చెను. ఐవన్‌హో అను నవలలో ఆయన అడవిలో నివసించు దొంగల నాయకుని, మారువేషమున తిరుగు రాజును ఒకే కథలో నడిపించెను. మన దేశమున వంగకవి బంకించంద్రుడు 1865లో దుర్గేశనందినితో అట్టి నవలకు దారి తీసెను. తెలుగులో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి హేమలత 1896లో వెలువడెను.

తరువాత కొమర్రాజు లక్ష్మణరావుగారు, వారి మిత్రులు 1906లో హైదరాబాదున విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పిరి. తెలుగువారికి తమ చరిత్ర తమకే తెలియదని వారి బాధ. వారు చరిత్ర గ్రంథములు, శాస్త్ర గ్రంథములు అచ్చువేయుటయే గాక, చారిత్రక నవలలకు పోటీలు పెట్టి బహుమానములు ఇచ్చిరి. అట్లు ఒకవైపు శాసనములు చదువు పండితులు, మరియొకవైపు కథలు అల్లు రచయితలు ఒకే పొలమున దుక్కి దున్నిరి. మన హనుమకొండలో 1904లో వెలసిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము కూడ ఆ మేలుకొలుపులో పుట్టినదే.

బాపిరాజుగారు ఈ పొలమున తన పంట తాను పండించిరి. హిమబిందులో శాతవాహనుల కాలము, అడివి శాంతిశ్రీలో ఇక్ష్వాకుల కాలము, అంశుమతిలో వేంగీ చాళుక్యుల కాలము, గోన గన్నారెడ్డిలో కాకతీయుల కాలము కథలుగా చెప్పిరి. ఇవన్నియు కలిపి చదివినయెడల, కృష్ణా గోదావరీ తీరములనుండి ఓరుగల్లు వరకు వేయి యేండ్లకు మించిన తెలుగు చరిత్ర బొమ్మల వరుసగా మన కన్నులముందు నడచిపోవును.

హైదరాబాదు దినములు

1944 ప్రాంతమున బాపిరాజుగారు హైదరాబాదునకు వచ్చి మీజాన్ అను తెలుగు దినపత్రికకు సంపాదకులైరి. ఆ పత్రిక ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడు భాషలలోను వెలువడెడిది. దాని యజమాని ఒక మహమ్మదీయ వర్తకుడు. తిరుమల రామచంద్రగారివంటి పండితులు అక్కడ బాపిరాజుగారితో కలిసి పనిచేసిరి.

అప్పటి స్థితిని మన యువజనులు ఎరుగరు. అప్పుడు తెలుగువారు రెండు ఏలుబడులలో ఉండిరి. గోదావరి, కృష్ణా జిల్లాలు చెన్నరాజధానిలో, బ్రిటిషువారి క్రింద. వరంగల్లు, నల్లగొండ మొదలగునవి నిజాము రాజ్యములో. ఇక్కడ కచేరీ భాష ఉర్దూ, కళాశాల చదువు ఉర్దూ. తెలుగు పిల్లవానికి తన భాషలో చదువు దొరుకుటయే అరుదు. కాకతీయుల కోట తమ ఊరిలోనే ఉన్నను, దాని కథను తెలుగులో చెప్పు బడిపుస్తకము లేదు. అట్టి కాలమున కోస్తానుండి వచ్చిన ఒక మనిషి ఈ రాజ్యపు రాజధానిలో తెలుగు పత్రిక నడిపెను. ఆ మనిషి నవలయే ఈ రాజ్యములోని పాడుపడిన కోటను తెలుగువారందరి ఉమ్మడి ఇల్లుగా నిలిపెను. గోన గన్నారెడ్డి నవల పుట్టినది ఆ 1940లలోనే. అది వట్టి వినోదము కొరకు వ్రాసినదని మేము తలంపలేము.

నవలలోని కథ

కథ మొదలే ఒక ఆశ్చర్యము. ఆదవోని ప్రభువైన కోటారెడ్డి కుమార్తె అన్నాంబికకు పెండ్లి. వరుడు వర్ధమానపురమును ఏలు లకుమయారెడ్డి కుమారుడు వరదారెడ్డి. ఆ పెండ్లివేళ గోన గన్నారెడ్డి తన అనుచరులతో వచ్చి వరుని ఎత్తుకొనిపోవును. ఈ గన్నారెడ్డి లోకము దృష్టిలో గజదొంగ. సామంతులు అతని పేరు వినిన ఉలికిపడుదురు. అతడు రంగనాథ రామాయణకర్తగా పేరొందిన గోన బుద్ధారెడ్డి కుమారుడే. పినతండ్రియగు లకుమయ అన్నగారి రాజ్యమును ఆక్రమించుకొనగా అడవిపాలైనవాడు.

పెండ్లి చెడిన అన్నాంబిక ఇల్లు విడిచి ఓరుగల్లు చేరి రుద్రమదేవి నీడలో నిలుచును. అక్కడ మరియొక రహస్యము. రుద్రదేవుడను పేరుతో మగవేషమున పెరిగి సింహాసనమునకు వారసత్వము పొందినది స్త్రీ యని కొద్దిమందికే తెలియును. తెలిసిన పిమ్మట సామంతులు ఊరకుందురా? ఆడుదాని ఏలుబడికి తలవంచమని కొందరు తిరుగుబాటు చేయుదురు. హరిహర మురారి దేవులు కుట్ర పన్నుదురు. దేవగిరి యాదవులు దండెత్తుదురు. ఒకవైపు రుద్రమదేవికిని చాళుక్య వీరభద్రునికిని నడుమ ప్రేమ. మరియొకవైపు అన్నాంబికకు తన పెండ్లి చెడగొట్టిన ఆ దొంగపైననే కలిగిన ప్రేమ. చివరకు దొంగగా లోకమునకు కనబడినవాడే సింహాసనమునకు నమ్మిన కావలివాడని తేటపడును.

ఈ కథలో బాపిరాజుగారి జీవితమంతయు కలిసియున్నది. కోటలు, తోరణములు, నగలు, ఏనుగుల వరుసలు ఇంత స్పష్టముగా కనబడుటకు కారణము వాటిని ముందు చిత్రకారునిగాను, కళాదర్శకునిగాను చూచుటయే. సభలో వారసత్వమును గూర్చి వాదోపవాదములు నడుచునప్పుడు న్యాయశాస్త్రము చదివిన బుద్ధి పలుకును. అధికారమునకు వెరువక ఆశయముకొరకు ఇల్లు విడుచు యువకుల చిత్రణలో చెరసాల చూచిన మనస్సు కలదు. లోకము వ్యర్థమని ఎంచిన ఆ మలుపులన్నియు ఈ పుస్తకమున పనికి వచ్చినవి. ఇన్ని పడవలలో కాలు పెట్టిన మనిషి చేరిన ఒడ్డు ఇదియే.

అయినను ఆ రచనలో లోపములు లేవని మేము చెప్పము. వర్ణనలు కొన్నిచోట్ల కథను ఆపివేయును. నాయకులందరు మిక్కిలి అందగాండ్రు, నాయికలందరు దేవకన్యలు. శత్రువులకు వారి న్యాయము వారు చెప్పుకొనుటకు కావలసినంత చోటు లేదు. నేటి చదువరి ఈ విషయములు గమనించుట మంచిది.

రాయి చెప్పునది ఎంత?

ఇప్పుడు మొదటి సందేహమునకు వత్తము. ఈ నవలలో చరిత్ర ఎంత, కల్పన ఎంత?

గణపతిదేవ చక్రవర్తి 1199 నుండి 1262 వరకు ఏలెననుట చరిత్ర. ఆయనకు ఇద్దరు కుమార్తెలు. గణపాంబ ధరణికోట ప్రభువైన కోట బేతరాజునకు ఇయ్యబడెను. రుద్రమదేవి రాజ్యమునకు వచ్చెను. శాసనములలో ఆమెను రుద్రదేవ మహారాజు అని పురుషనామముతో పేర్కొనుట సత్యము. నిడుదవోలు చాళుక్య వంశపు వీరభద్రుడు ఆమె భర్తయగుటయు సత్యమే. నవలలోని మగవేషపు రహస్యమునకు విత్తనము ఆ శాసనములలోని పేరే.

ఈ పేరు పండితులను కూడ చాలకాలము తికమక పెట్టినది. వెనీసు యాత్రికుడు మార్కోపోలో మోటుపల్లి రాజ్యమును గూర్చి వ్రాయుచు, రాజు గతించిన పిమ్మట అతని రాణి నలువది యేండ్లుగా న్యాయముగా ఏలుచున్నదని చెప్పెను. దానిని నమ్మి కొందరు తొలి చరిత్రకారులు ఆమెను గణపతిదేవుని భార్యగా ఎంచిరి. శాసనములు జాగ్రత్తగా చదివిన తరువాతనే ఆమె కుమార్తెయని నిశ్చయమాయెను. కన్నులార చూచితినను యాత్రికుడే పొరపడగా, నవలాకారుని మాత్రమే తప్పుపట్టుట న్యాయమా?

హరిహర మురారి దేవుల తిరుగుబాటు కథ ప్రతాపచరిత్రము అను తరువాతి గ్రంథమునుండి వచ్చినది. గణపతిదేవునకు కుమారులున్నట్లు శాసనములు చెప్పవు గనుక చరిత్రకారులు దానిని పూర్తిగా నమ్మరు. యాదవ మహాదేవరాజుతో యుద్ధము జరిగినది. బీదరు కోటలో దొరికిన శాసనము రుద్రమదేవి విజయమునకు సాక్ష్యము.

గోన గన్నారెడ్డి మాట ఏమి? అతడు నిజముగా ఉండెను. వర్ధమానపురమును ఏలిన కాకతీయ సామంతుడు. రాయచూరు కోటగోడలో సుమారు 41 అడుగుల పొడవుగల ఒక పెద్దరాయి కలదు. దానిమీద 1294వ సంవత్సరపు తెలుగు శాసనము ఉన్నది. గన్నారెడ్డి సేనాని విఠలనాథుడు ఆదవోని మొదలగు దుర్గములను గెలిచి రాయచూరున కోట కట్టించెనని అది తెలుపును. అంత పెద్ద రాతిని బండిమీద ఎక్కించి పశువుల వరుసలతో లాగించుచున్న బొమ్మ కూడ ఆ గోడపై చెక్కబడినది. అప్పటికి ప్రతాపరుద్రుడు రాజ్యము చేయుచుండెను.

కాని గజదొంగ, ఎత్తుకొనిపోబడిన పెండ్లికుమారుడు, అన్నాంబిక ప్రేమ, ఇవి ఏ రాతిమీదను లేవు. అవి బాపిరాజుగారి మనస్సున పుట్టినవి. రాయి ఒక సామంతుని పేరు, ఒక కోట పేరు, ఒక సంవత్సరము చెప్పి ఊరకుండెను. ఆ మౌనములో ఆయన ఒక గుండెచప్పుడు వినిరి.

ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. 2015లో గుణశేఖర్‌గారు తీసిన రుద్రమదేవి చలనచిత్రములో కూడ గన్నారెడ్డి సాహసియైన బందిపోటుగా కనబడెను. అది చూచిన పిల్లలు అనేకులు చరిత్రయే అట్లు జరిగినదని అనుకొనిరి. మరియు గన్నారెడ్డి గుర్రపు డెక్కల చప్పుడులో రుద్రమదేవి పరిపాలన మరుగున పడు ప్రమాదము కలదు. ఓరుగల్లు కోట రాతిగోడను బలపరచి ఎత్తు పెంచినది ఆమె. ఉన్నత వంశములలో పుట్టకపోయినను యోగ్యులైనవారిని నాయకులుగా నియమించి, సైనికసేవకు మారుగా వారికి భూములు ఇచ్చు నాయంకర పద్ధతిని పెంచినది ఆమె. కాయస్థ అంబదేవుడు తిరుగబడినప్పుడు, వృద్ధాప్యమున కూడ రాజ్యమును విడువక నిలిచినది ఆమె. నల్లగొండ సీమలోని చందుపట్ల శాసనము ఆమెయు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును 1289లో గతించిరని తెలుపుచున్నది. యుద్ధభూమియందే ఆమె ప్రాణము విడిచెనని చరిత్రకారుల ఊహ. ఏ కల్పనయు ఈ జీవితముకంటె గొప్పది కాదు.

కథ అబద్ధమా?

కల్పన అంతయు అబద్ధమనువారికి మేము ఒక మాట మనవి చేయుదుము. మన ప్రసంగవేదికలమీద తరచుగా వినబడు తప్పిపోయిన కుమారుని ఉపమానమును తీసికొనుడు. ఆ తండ్రి ఏ ఊరివాడు, ఆ కుమారుని పేరేమి అని ఎవరును అడుగరు. కథ అని చెప్పి చెప్పిన కథ ఎవరిని మోసగింపదు. వినువారు అది కథయని ఎరిగియే తమ్మును తాము అందులో చూచుకొందురు. మోసము ఎప్పుడు కలుగుననగా, కథను చరిత్ర అని చెప్పి అమ్మినప్పుడు. బాపిరాజుగారు తాము వ్రాసినది నవల అనియే చెప్పిరి. కనుక తీర్పు తీర్చవలసిన బాధ్యత చదువరిమీద కూడ ఉన్నది.

బాపిరాజుగారితోనే ఈ పని ఆగిపోలేదు. నోరి నరసింహశాస్త్రిగారు రుద్రమదేవి పేరుతోనే ఒక నవల వ్రాసిరి. ఒకే రాణిని ఇద్దరు రచయితలు వేరు వేరు కన్నులతో చూచుటను బట్టి, రచయిత చూపు ఎంతవరకు పనిచేయునో తెలిసికొనవచ్చును.

చివరి దినములు

మీజాన్ పత్రికను విడిచిన పిమ్మట బాపిరాజుగారు మరల కుంచె పట్టిరి. తిక్కన, సముద్రగుప్తుడు, శబ్దబ్రహ్మ మొదలగు వారి చిత్రములు పేరొందినవి. శశికళను ఉద్దేశించి వ్రాసిన గేయములను పాడువారు ఇప్పటికిని కలరు. 1951లో, ఆరోగ్యము తగ్గు వయస్సులో, సింహళ దేశమున సిగిరియా కొండమీది పురాతన చిత్రములకు ప్రతికృతులు వ్రాయు పనికి వెళ్లిరి. చిన్ననాడు కూల్డ్రే దొర నాటిన అజంతా మోజు చివరివరకు వాడలేదు.

1952వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన చెన్నపట్టణమున వారు కన్నుమూసిరి. అప్పటికి వారికి ఏబదియారు సంవత్సరములు. ఆంధ్ర రాష్ట్రము 1953 అక్టోబరు 1న ఏర్పడుట వారు చూడలేదు. 1956 నవంబరు 1న రెండు ప్రాంతముల తెలుగువారు ఒకే రాష్ట్రముగా కూడుటయు, 2014 జూన్ 2న తెలంగాణము వేరు రాష్ట్రమగుటయు వారు చూడలేదు. సరిహద్దు గీతలు మారినవి. కాని భీమవరపు మనిషి వ్రాసిన ఓరుగల్లు కథను ఈ ప్రాంతమువారు చదువుట మానలేదు, ఆ ప్రాంతమువారు మరువలేదు. పుస్తకమునకు పొలిమేర లేదు.

మనము చేయదగినది

పాఠకులారా, బాపిరాజుగారి జీవితమునుండి మనము రెండు సంగతులు గ్రహింతము.

మొదటిది తలిదండ్రులకు. మీ పిల్లవాడు ఒక పనినుండి మరియొక పనికి మారుచున్నప్పుడు వెంటనే వానిని పనికిరానివాడని తీర్మానింపకుడు. వానిలో ఏది పండుచున్నదో కూల్డ్రే దొరవలె ఓపికతో చూడుడు. ఒకే తలాంతు కలవాడు దానిని పాతిపెట్టుట ఎట్లు నష్టమో, అనేక తలాంతులు కలవానిచేత ఒక్కదానినే వాడించుటయు అట్టి నష్టమే.

రెండవది యువజనులకు. గోన గన్నారెడ్డి నవలను చదువుడు, చదివి ఆనందింపుడు. అక్కడితో ఆగక, ఒక సెలవుదినమున కోటకు వెళ్లుడు. మట్టిగోడ దాటి రాతిగోడ యొద్ద నిలువుడు. నాలుగు దిక్కుల నిలిచిన కీర్తితోరణముల నడుమ నడువుడు. వేయిస్తంభముల గుడిలో 1163వ సంవత్సరపు శాసనమున్నది, దానిని చూడుడు. వీలైనయెడల, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించి 2021లో ప్రపంచ వారసత్వ స్థలముగా ఎన్నికైన రామప్ప గుడివరకు సాగుడు. ప్రతిచోట రెండు ప్రశ్నలు వేసికొనుడు. ఇక్కడ రాయి ఏమి చెప్పుచున్నది? బాపిరాజుగారు ఏమి చెప్పిరి? రెండింటిని వేరుపరచుట నేర్చినవాడు పత్రికలో వచ్చు వార్తను, తెరమీది బొమ్మను, వీధిలోని పుకారును కూడ తూచి చూడగలడు.

1323లో ఢిల్లీ సేనలచేత కోట కూలినది. తోరణములు నిలిచినవి, కాని వాటి క్రింద నడచిన మనుష్యుల సంతోషము, భయము, ప్రేమ ఏ రాతిమీదను చెక్కబడలేదు. ఆ లోటును తీర్చుటకు ఒక మనిషి కుంచెను, కలమును కలిపి పనిచేసెను. ఆయన కల్పించినదానిని కల్పనగానే ప్రేమింతము. రాయి చెప్పినదానిని సత్యముగా కాపాడుదము. రెండును మనకు వచ్చిన ఆస్తియే.